విద్య ఎవరి ఋణము?

అన్నదానము ఒక పూట ఆకలిని తీర్చును. విద్యాదానము జన్మమంతయు నిలుచునని పెద్దలు చెప్పుదురు. ఈ మాటను కాదనువారు లేరు. కాని ఆ దానము ఎవరు చేయవలెను, ఎవరికి చేయవలెను, ఎంతవరకు చేయవలెను అను ప్రశ్నలు పుట్టినంతనే ఏకాభిప్రాయము చెదరిపోవును. తన బిడ్డకు చదువు చెప్పించుట తండ్రి ధర్మమని అందరును అంగీకరింతురు. తన ఊరి బిడ్డలకు బడి నిలుపుట ఊరి ధర్మమని చాలమంది అంగీకరింతురు. పొలిమేరకు ఆవల నున్న బిడ్డ మాట యేమి? ఆ బిడ్డ చదువునకు ఈ ఊరివాడు ఋణపడి యున్నాడా, లేదా? చూచుటకు చిన్నదిగా కన్పించు ఈ ప్రశ్న అమెరికా దేశమున అర్ధ శతాబ్దమునకు పైగా న్యాయస్థానములను, శాసనసభలను, పన్ను కట్టు సామాన్య గృహస్థులను కలవరపెట్టుచున్నది. అచటి వృత్తాంతమును తెలిసికొన్నచో ఈ ప్రశ్న లోతు ఎవరికైనను బోధపడును.

ఆ దేశమున ప్రభుత్వ పాఠశాలలను నడపునది కేంద్ర ప్రభుత్వము కాదు. చాలవరకు రాష్ట్ర ప్రభుత్వము కూడ నేరుగా నడపదు. దేశమంతయు సుమారు 13,000 స్కూలు డిస్ట్రిక్టులుగా విభజింపబడి యున్నది. పేరు డిస్ట్రిక్టు అయినను ఇది ఇచటి జిల్లా వంటిది కాదు. కొన్నిచోట్ల ఒక మహానగరమంతయు ఒకే డిస్ట్రిక్టు. మరికొన్నిచోట్ల ఒకే నగరములో కొన్ని వీధులు దాటగనే వేరొక డిస్ట్రిక్టు మొదలగును. దీనిని విద్యామండలమని పిలువవచ్చును. ప్రతి మండలమునకు ఒక బోర్డు ఉండును. ఎక్కువ చోట్ల దాని సభ్యులను స్థానికులే ఓటు వేసి ఎన్నుకొందురు. ఉపాధ్యాయుల జీతములు, పిల్లలను తెచ్చు బస్సులు, గ్రంథాలయము, సంగీతపు తరగతి, కారుచున్న పైకప్పు మరమ్మతు, ఇవన్నియు ఆ బోర్డు ఆమోదించు బడ్జెట్టు లోనివే.

ఈ బడ్జెట్టునకు ధనము మూడు దారుల వచ్చును. కేంద్రము ఇచ్చునది సాధారణ సంవత్సరములలో పదవ వంతు మాత్రమే. మిగిలిన దానిని రాష్ట్రము కొంత, ఆ మండలము కొంత భరించును. రాష్ట్రమును బట్టి ఈ పాళ్లు మారుచుండును. మండలము భరించు భాగము ముఖ్యముగా ఇండ్ల మీదను, స్థలముల మీదను వేయు ఆస్తిపన్ను వలన వచ్చును. న్యూయార్కు రాష్ట్రమున పెద్ద నగరములు తప్ప మిగిలిన మండలములలో ప్రతి సంవత్సరము మే నెల మూడవ మంగళవారమున ప్రజలు బడి బడ్జెట్టు మీద నేరుగా ఓటు వేయుదురు. రెండు పర్యాయములు ప్రజలు కాదన్నచో బోర్డు కోత పెట్టిన బడ్జెట్టుతోనే ఆ సంవత్సరమును గడపవలెను. పన్ను రాబడిని ముందటి యేటి కంటె పెంచుటకు వీలులేదు.

ఈ పద్ధతిలో ఒక అందము లేకపోలేదు. పిల్లలు పెరిగి దూరదేశములకు పోయిన వృద్ధ దంపతులు, సంతానమే లేని గృహస్థు, పెండ్లి కాని యువకుడు కూడ ఆ పన్ను కట్టుదురు. తన ఇంట బిడ్డ లేకున్నను వీధి చివరి బడికి తానొక పోషకుడనని ప్రతివాడును భావించుటకు ఇది అవకాశమిచ్చును. బోర్డు సభ్యుడు అంగడిలో ఎదురుపడును. అతనిని నిలదీసి లెక్క అడుగవచ్చును. ఎక్కడో కూర్చున్న అధికారి కంటె ఊరివారికే బడి అవసరములు బాగుగ తెలియుననుట నిజము. స్థానిక స్వపరిపాలనకు ఇంతకంటె మంచి పాఠశాల వేరొకటి లేదని అమెరికనులు తరతరములుగా విశ్వసించిరి.

అయితే ఆ అందము వెనుక దాగిన చిక్కు టెక్సాసు రాష్ట్రమున బయటపడెను. అచట శాన్ ఆంటోనియో నగర ప్రాంతమున ఏడు విద్యామండలములు ఉండెను. వానిలో ఎడ్జివుడ్ మండలమున సుమారు 22,000 మంది పిల్లలు చదువుచుండిరి. వారిలో నూటికి తొంబది మంది మెక్సికను సంతతి కూలివారి, చిరుద్యోగుల బిడ్డలు. అదే నగరమున అలామో హైట్సు అను సంపన్నుల మండలమున సుమారు 5,000 మంది పిల్లలు ఉండిరి. 1967-68 విద్యా సంవత్సరపు లెక్కలను చూడుడు. ఎడ్జివుడ్ వారు తమ ఆస్తి విలువలో ప్రతి 100 డాలర్లకు 1 డాలరు 5 సెంట్లు పన్ను వేసికొనిరి. రాష్ట్ర నిధికి చెల్లింపవలసినది పోగా ఒక్కొక్క విద్యార్థికి వారికి మిగిలినది 26 డాలర్లు. అలామో హైట్సు వారు 100 డాలర్లకు 85 సెంట్లు మాత్రమే వేసికొనిరి. వారికి మిగిలినది విద్యార్థికి 333 డాలర్లు. రాష్ట్రము, కేంద్రము ఇచ్చిన సొమ్ము కూడ కలిపినను ఒక బిడ్డకు 356 డాలర్లు, వేరొక బిడ్డకు 594 డాలర్లు.

ఈ అంకెలలోని నీతిని నిదానముగ విచారింపవలెను. బీదవారు చదువును ప్రేమింపరు, అందుచేతనే వారి బడులు అట్లున్నవి అనుట లోకమున పరిపాటి. కాని ఇచట ఎక్కువ రేటున పన్ను వేసికొన్నవారు బీదలే. తక్కువ రేటున పన్ను వేసికొని ఎక్కువ ఫలము పొందినవారు ధనికులు. ఎడ్జివుడ్ మండలమున ఒక్కొక్క విద్యార్థి వెనుక నున్న ఆస్తి విలువ 5,960 డాలర్లు. అలామో హైట్సున అది 49,000 డాలర్లకు పైగా. ఒక బావిలో ఎంత లోతుగ చేద వేసినను నీరు కడవెడు రాదు. ఇంకొక బావిలో చేద తాకగనే నిండును. తోడువాని శ్రద్ధలో లోపము లేదు. లోపము బావులను పంచిన తీరులో నున్నది.

1968 మే నెలలో ఎడ్జివుడ్ ఉన్నత పాఠశాల విద్యార్థులు తరగతులు విడిచి ఊరేగింపుగా బయటికి వచ్చిరి. శిథిలమైన గదులు, తగిన అర్హత లేని ఉపాధ్యాయులు వారి ఫిర్యాదులు. ఆ యేడే డెమెట్రియో రోడ్రిగెజ్ అను తండ్రి, మరికొందరు తల్లిదండ్రులతో కూడి న్యాయస్థానమునకు వెళ్లెను. అతడు వైమానిక దళపు కార్ఖానాలో రేకుల పని చేయు శ్రామికుడు. 1971లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము అతని పక్షమున తీర్పు చెప్పెను. కాని 1973 మార్చి 21న దేశపు సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు చీలి ఆ తీర్పును కొట్టివేసెను. విద్య రాజ్యాంగమున స్పష్టముగ పేర్కొన్న ప్రాథమిక హక్కు కాదనియు, స్థానికుల అజమాయిషీని కాపాడుటకు ఈ పద్ధతి సమంజసమే ననియు, మార్పు కావలెనన్నచో శాసనసభలే చేయవలె ననియు న్యాయమూర్తి లూయిస్ పవెల్ వ్రాసెను. న్యాయమూర్తి థర్గుడ్ మార్షల్ దీనితో తీవ్రముగ విభేదించెను.

స్థానికుల అజమాయిషీ అనుమాట వినుటకు గంభీరముగ నున్నది. కాని పెత్తనము చేయుటకు చేతిలో ఏదైనను ఉండవలెను గదా. విద్యార్థికి 26 డాలర్లు మాత్రమే మిగిలిన బోర్డు దేని మీద పెత్తనము చేయును? సంగీతము కావలెనా, విజ్ఞానశాస్త్రపు ప్రయోగశాల కావలెనా అని ఎంచుకొను స్వేచ్ఛ సంపన్న మండలమునకు కలదు. పైకప్పు బాగుచేయుదమా, కిటికీ బాగుచేయుదమా అను సందేహమే బీద మండలమునకు మిగిలిన స్వేచ్ఛ. స్వేచ్ఛ అను ఒకే పేరుతో రెండింటిని పిలిచినంత మాత్రమున అవి ఒకటి కాజాలవు.

ధనము ఎక్కువైనంత మాత్రమున చదువు బాగుపడునా అను ఆక్షేపణ కూడ ఆనాడు వచ్చెను, ఈనాటికిని వచ్చుచున్నది. ఆక్షేపణ తోసివేయదగినది కాదు. దుబారా చేయు బోర్డులు ఉన్నవి. కొద్దిపాటి సొమ్ముతో గొప్పగా బోధించు గురువులును ఉన్నారు. కాని ధనము వలన ప్రయోజనము లేదనువారు తమ బడికి వచ్చు ధనమును వదులుకొనుటకు సిద్ధపడుట అరుదు. 2016లో కిరాబో జాక్సన్, రక్కర్ జాన్సన్, క్లాడియా పెర్సికో అను ఆర్థికవేత్తలు ఇట్టి వ్యాజ్యముల ఫలితములను దీర్ఘకాలము వెంబడించి ఒక పరిశోధన ప్రకటించిరి. పండ్రెండు సంవత్సరముల చదువు పొడవునను విద్యార్థిపై వ్యయము 10 శాతము పెరిగినచో, ఆ బిడ్డ పెద్దవాడైన తరువాత అతని వేతనము సుమారు 7 శాతము పెరుగుననియు, బీద కుటుంబముల బిడ్డలలో ఈ ఫలితము ఇంకను ఎక్కువ ననియు వారు కనుగొనిరి. ధనము గురువు కాదు. కాని గురువును నిలుపుటకు ధనము కావలెను.

సుప్రీంకోర్టు తలుపు మూసినను వ్యాజ్యము ముగియలేదు. ఎడ్జివుడ్ మండలమే ఈసారి రాష్ట్ర న్యాయస్థానములో పోరాడెను. 1989లో టెక్సాసు సుప్రీంకోర్టు ఏకగ్రీవముగ తీర్పు చెప్పెను. రాష్ట్రమున అత్యంత సంపన్న మండలమునకును, అత్యంత బీద మండలమునకును విద్యార్థికి గల ఆస్తి విలువలో 700 రెట్ల భేదము కలదనియు, ఇట్టి పద్ధతి రాష్ట్ర రాజ్యాంగమునకు విరుద్ధమనియు ఆ తీర్పు చాటెను. 1993లో శాసనసభ ఒక చట్టము చేసెను. దాని ప్రకారము నిర్ణీత పరిమితికి మించి ఆస్తి గల మండలములు తమ పన్ను రాబడిలో కొంత రాష్ట్రమునకు అప్పగింపవలెను. ధనికుల సొమ్ము తెచ్చి పేదలకు పంచిన ఇంగ్లీషు కథానాయకుని పేర దీనిని ప్రజలు రాబిన్ హుడ్ చట్టమని పిలిచిరి. ఆ పేరులోనే కొంత హేళన, కొంత కోపము ధ్వనించును.

కోపమునకు కారణములు అన్నియు స్వార్థములే అనుట న్యాయము కాదు. ఆస్టిన్ నగరమున భూముల విలువ ఆకాశము నంటుట చేత ఆ మండలము రాష్ట్రమునకు అందరికంటె ఎక్కువ సొమ్ము అప్పగించు స్థితికి వచ్చెను. కాని ఆ మండలపు పిల్లలలో సుమారు సగము మంది బీద కుటుంబముల వారే. భూమి సంపన్నమైనంత మాత్రమున బిడ్డ సంపన్నుడు కాడు. మరియు ఒక మండలము నుండి వచ్చిన సొమ్మును చూపి రాష్ట్రము తాను ఇవ్వవలసిన దానిని తగ్గించుకొనుచున్నదని పన్ను కట్టువారు ఆరోపింతురు. పొరుగువాని చేత ఇప్పించి తన చేయి ముడుచుకొను దాతను లోకము మెచ్చదు. సమత్వము పేరున జరిగెడి ప్రతి పనియు సమత్వము కాదు. లెక్కను కడవరకు చూడవలెను.

కాలిఫోర్నియా వృత్తాంతము వేరొక హెచ్చరిక. 1971లో అచటి సుప్రీంకోర్టు సెరానో వ్యాజ్యమున, మండలపు సంపదను బట్టి బిడ్డ చదువు నిర్ణయింపబడరాదని చెప్పెను. 1978 జూనులో ఆ రాష్ట్ర ప్రజలు 13వ ప్రతిపాదనను ఓటు ద్వారా ఆమోదించిరి. ఆస్తిపన్ను విలువలో ఒక శాతమునకు మించరాదనియు, ఆస్తి చేతులు మారనంత కాలము లెక్కలోని విలువ ఏటికి రెండు శాతమునకు మించి పెరుగరాదనియు దాని సారాంశము. ఇండ్ల ధరలు పెరిగి పన్నుల భారము మోయలేకపోయిన వృద్ధుల కష్టము ఆ ఓటు వెనుక ఉన్నది. సొమ్ము తమ బడికే చేరదని తెలిసిన తరువాత పన్ను కట్టుటకు జనులకు ఉత్సాహము తగ్గెనని కొందరు ఆర్థికవేత్తల వాదము. అందరును దానిని ఒప్పుకొనలేదు. ఏది యెట్లున్నను ఒక సత్యము నిలుచును. ఇచ్చువాని మనస్సును తోడు చేసికొనని పంపకము ఎక్కువ కాలము నిలువదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావలెను. ఎల్లకు ఆవలి బిడ్డకు ఈవలివాడు ఋణపడి యున్నాడా?

లేదనువారి ప్రధాన వాదము ఇది: నేను కష్టపడితిని, ఇల్లు కట్టితిని, పన్ను కట్టితిని, దాని ఫలము నా బిడ్డకు చెందుట ధర్మము. ఈ వాదములో కాయకమునకు గౌరవము కలదు గావున దానిని తేలికగ తీసివేయరాదు. కాని దానిలో ఒక సందు కలదు. కష్టపడినవాడు తండ్రి, చదువుకొనువాడు బిడ్డ. ఎడ్జివుడ్ బిడ్డ ఏ సోమరితనము చేసెనని అతనికి తక్కువ? అలామో హైట్సు బిడ్డ ఏ కష్టము చేసెనని అతనికి ఎక్కువ? ఇద్దరును తాము పుట్టు ఇంటిని ఎంచుకొనలేదు. పుట్టుకను బట్టి మనుష్యునకు విలువ కట్టరాదని 12వ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు చాటెను. ఆనాడు కులము చేసిన పనిని ఈనాడు ఇంటి చిరునామా చేయుచున్నచో, పేరు మారినది గాని దోషము మారలేదు.

రెండవ విషయము. పన్ను కట్టి ఆ ఫలమును ఎల్ల లోపలనే, తన బిడ్డ చదువు బడిలోనే తిరిగి పొందుట తప్పు కాదు. కాని దానిని దానమనుట తగదు. అది కొనుగోలు. దాసోహమను మాటకు పెద్దలు చెప్పిన అర్థములో ఇచ్చితిననెడి గర్వము గాని, తిరిగి రావలెననెడి ఆశ గాని లేవు. తన ఇంటి విలువ పెరుగుటకు బడిని పోషించువాడు మంచి వ్యాపారి కావచ్చును. తన ఇంట బిడ్డ లేకున్నను, తన వీధి కాకున్నను, బడికి ఇచ్చువాడే విద్యాదాత.

మూడవ విషయము అన్నింటికంటె బలమైనది. ఇది దానమని కూడ అనుకొననక్కర లేదు, ఋణమనుటయే సరి. అలామో హైట్సు గృహస్థు జబ్బుపడినపుడు అతనికి మందిచ్చు నర్సు ఎచట చదివినది? అతని ఇంటికి విద్యుత్తు తీగ సరిచేయువాడు, అతని బస్సు నడుపువాడు, అతని బిడ్డకు పాఠము చెప్పు గురువు ఎచట అక్షరములు దిద్దిరి? వారందరును ఎల్లకు ఆవల చదివి ఎల్లకు ఈవల సేవ చేయుచున్నారు. వారి చదువు ఫలమును అనుభవించుటకు అడ్డురాని ఎల్ల, ఆ చదువునకు ధనమిచ్చుటకు మాత్రము అడ్డు వచ్చుట ఏమి న్యాయము? ఋణము తీసికొన్నపుడు లేని పొలిమేర తీర్చునపుడు ఎట్లు పుట్టెను?

ఈ వృత్తాంతము తెలుగువారికి పరాయిది కాదు. టెక్సాసునందలి డల్లాసు పరిసరములలో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. ఇల్లు కొనుటకు ముందు అది ఏ స్కూలు డిస్ట్రిక్టులో నున్నదో విచారించుట అచట ఆచారమైనది. తల్లిదండ్రులు తమ బిడ్డకు మేలు కోరుట దోషము కాదు. కాని మంచి బడి ఇంటి ధరను పెంచును, పెరిగిన ధర బడిని పోషించును, ఆ ధర పెట్టలేనివాడు వెలుపల నిలుచును. ఈ చక్రమున తామును ఒక ఆకు అని గుర్తించుట వివేకము. తమ మండలపు సొమ్ము కొంత పొరుగు మండలమునకు పోవునని తెలిసినపుడు కలుగు బాధలో ఎంత న్యాయమున్నది, ఎంత మమకారమున్నది అని తూచుకొనుట అంతకంటె వివేకము.

ఆంధ్రప్రదేశమునను, తెలంగాణమునను పద్ధతి వేరు. జిల్లా పరిషత్తు, మండల పరిషత్తు అని బడి పలక మీద వ్రాసియున్నను ఉపాధ్యాయుని జీతము రాష్ట్ర ఖజానా నుండియే వచ్చును. బీద గ్రామమని జీతము తగ్గదు, సంపన్న గ్రామమని పెరుగదు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కట్టు గృహస్థును, నీకు చదువు వచ్చునా, నీ ఇంట చదువరులు కలరా అని ఎవరును అడుగరు. ఈ విషయమున ఇచటి విధానమే ధర్మమునకు దగ్గర. అయినను గర్వించుటకు వీలు లేదు. అచట నేల మీద గీసిన ఎల్లను ఇచట ఫీజు గీసినది. కలిగినవారు తమ బిడ్డలను ప్రైవేటు బడులకు పంపి, ఊరి బడి పైకప్పు కారుచున్నదో లేదో చూచుట మానివేసిరి. అచట మనస్సున్నను ధనము లేని మండలములు. ఇచట ధనము వచ్చినను మనస్సు పెట్టువారు లేని బడులు. రెండు చోట్లను నష్టపోవువాడు బిడ్డయే.

కావున ఈ విచారము వలన తేలినది ఇంతే. భారము మోయుటలో ఎల్లలు పనికిరావు; బాగోగులు చూచుటలో దగ్గరివారు కావలెను. ధనము విశాలమైన కొలను నుండి రావలెను, ఏలయన బిడ్డలందరును ఆ కొలనికే రేపు నీరు తెచ్చువారు. శ్రద్ధ పొరుగింటి నుండి రావలెను, ఏలయన దూరమున నున్నవానికి బడి గంట వినబడదు. మొదటిది లేనిచో స్థానిక స్వేచ్ఛ ఖాళీ కుండ; రెండవది లేనిచో సమత్వము కాగితము మీది అంకె. పన్ను చీటి చేతికి వచ్చినపుడు ఇది నా బిడ్డకు చేరునా అని అడుగుట సహజము. ఒక బిడ్డకు చేరునా అని అడుగుట ధర్మము. అట్లు అడిగి, చేరినదో లేదో వెళ్లి చూచువారు ప్రతి గ్రామమునను నలుగురు ఉందురు గాక.